మొలతాడు తూట

మా చిన్నాన్న రాజన్న కాక పోయినప్పుడు ఫ్లెక్సీకి ఫోటో దొరకలేదు. ఈ రోజుల్లో మనిషి పోతే పాడె కంటే ముందు ఫ్లెక్సీ తయారు కావాలి. మంచిర్యాలలో మా తమ్ముడింటి ముందు కట్టాలని వాడి కొడుకు బీరువాలన్నీ వెతికాడు. ఆధార్ కార్డు మీద ఒక ఫోటో ఉంది గాని, దాన్ని పెద్దది చేసి వీధిలో కట్టే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. చివరికి మా అమ్మ, మేము అవ్వ అంటాం, ఆమె సందుక పెట్టె అడుగున ఒకటి దొరికింది. పెళ్లి సంబంధాల వాళ్లకు చూపించడానికని వయసులో ఉన్నప్పుడు స్టూడియోలో తీయించుకున్నది. నూనె రాసి దువ్విన జుట్టు, కొసలు మెలితిప్పిన మీసం, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న దువ్వెన. అదే వేయించారు. దినాలకు వచ్చిన చుట్టాలు ఫ్లెక్సీ ముందు ఆగి, పోయింది ముసలాయన కదా, ఈ పిలగాడెవరు అని అడిగారు. నాకు కోపం వచ్చింది. కాని వాళ్ల తప్పేముంది. మా రాజన్న కాక ముఖం మొదట ఎలా ఉండేదో చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది మా అవ్వ, నేను, ఇంకొందరు ముసలివాళ్లం.

మా తమ్ముడి కొడుకు తాతల కాలం షికారు ముచ్చట్లంటే చెవి కోసుకుంటాడు. వంటవాళ్లు వంట చేస్తుంటే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తాత దగ్గర త్రీ సెవెంటీ ఫైవ్ మాగ్నం ఉండెనట గదా అత్తా, మన జిల్లాలనే ఇంకెవరికీ లేకుండెనట గదా అని మొదలుపెట్టాడు. ఫోన్ తీసి దాని గుణగణాలు చదివాడు. గుండు బరువెంత, ఎంత వేగంతో పోతుంది, ఎంత దూరం దాకా కిందికి వాలకుండా పోతుంది, దుప్పి నుంచి అడవిదున్న దాకా ఒక్క తూటతో ఎట్లా సరిపోతుంది. చదివిందంతా నిజమే. మా బాపు అరుగు మీద కూర్చుని ఇవే మాటలు చెప్పేవాడు. కాని దాని అసలు గుణం ఆ ఫోన్లో లేదు. అది మా అవ్వ పొయ్యికి సంబంధించింది.

మా ఊరు చెన్నూరు దాటి, గోదావరి ఒడ్డు వదిలి లోపలికి పోతే టేకు అడవి మొదలయ్యే చోట ఉండేది. ఇప్పుడూ ఉంది, మా ఇల్లే లేదు. జొన్న, పత్తి పండించుకునే కుటుంబం మాది. అయినా బాపు పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది సేద్యం కాదు, తుపాకి. పంట మీద పందులు పడ్డా, పశువుల మీద పులి పడ్డా మా ఇంటికే వచ్చేవాళ్లు. మొదట్లో ఆయనకు పన్నెండు బోరు తుపాకి ఉండేది. హైదరాబాదు నుంచి షికారుకు వచ్చే ఒక పెద్దాయన, బాపును వెంటబెట్టుకుని ఏండ్ల తరబడి అడవి తిరిగినాయన, చూపు మందగించాక తన రైఫిల్‌ను, మిగిలిన తూటాలను బాపుకు ఇచ్చేశాడు. లైసెన్సు రాయించుకోవడానికి బాపు ఎన్నిసార్లు ఆదిలాబాద్ తిరిగాడో. తూటాలు మాత్రం మళ్లీ దొరకవని ఆ పెద్దాయన ముందే చెప్పాడు. విదేశీ సరుకు, రాక ఆగిపోయింది, ఏ దుకాణంలో అడిగినా లేదనేవాళ్లు. అందుకే బాపు వాటిని బంగారు పుస్తెల్లా దాచేవాడు.

ఆ తూట పొడుగ్గా, పైకి పోను పోను సన్నబడి ఉండేది. అడుగున మాత్రం చుట్టూ ఒక ఇత్తడి పట్టీ ఉబ్బెత్తుగా ఉండేది. మాగ్నం అనే మాట ఊళ్లో ఎవరికీ నోరు తిరగక, మొలకు తాడు కట్టినట్టుందని మొలతాడు తూట అన్నారు. బాపు కూడా అదే అనడం నేర్చాడు. ఖాదర్ చిచ్చా ఒక్కడే దాన్ని ఒప్పుకునేవాడు కాదు. చిచ్చా ఊరి దర్జీ, బాపుకు ప్రాణ స్నేహితుడు, పన్నెండు బోరు భక్తుడు. సాయంత్రం మా అరుగు మీద చాయ తాగుతూ ఇద్దరూ వాదించుకునేవాళ్లు. గంత పెద్ద తూట దుప్పికెందుకు, ఈగను కొట్ట రోకలా అని చిచ్చా. పెద్దదైనా మాంసం పాడు చేయదు, సక్కగా పోయి సక్కగా దిగుతుంది, వెదురు పొదల్లోంచి కొట్టినా దారి తప్పదు, బురద పట్టి ఎండిన పంది భుజం మీద మీ చిల్లరగుండ్లు జారిపోతాయి, ఇది జారదు అని బాపు. భుజానికి తన్నుతది గదా అని చిచ్చా. తన్నేది నన్నే గదా, జంతువును బాధ పెట్టదు, అది పడే దాకా దానికే ఎర్క ఉండదు అని బాపు. ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి లోపల రొట్టెలు చేస్తున్న అవ్వ చప్పుడు ఆపి వినేది.

ఎందుకంటే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మా తాత కాలం నుంచి వచ్చిందది. వేటగాడి దెబ్బ తిని జంతువు పడకుండా పారిపోతే, దాన్ని వెతికి పట్టి దాని బాధ తీర్చే దాకా ఆ ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు. అడవిలో ఒక ప్రాణి నెత్తురు కారుతూ నీళ్ల కోసం దేవులాడుతుంటే, దాన్ని అట్లా చేసినవాడి ఇంట్లో అన్నం ఉడకడమేంటని మా తాత అనేవాడట. పన్నెండు బోరు రోజుల్లో మా పొయ్యి ఎన్నిసార్లు చల్లారిందో చెప్పలేను. ఒకసారి పెద్ద కొమ్ముల కణుజు ఒకటి కడుపులో దెబ్బ తిని పోయింది. బాపు, కాక దాని వెంట పోతే, రెండు రోజులు మా ఇంట్లో పొగ లేవలేదు. పిల్లలం జొన్న పేలాలు, బెల్లం తిని పడుకున్నాం. పక్కింటివాళ్లు పిలిచినా అవ్వ పంపలేదు. తాను మంచినీళ్లు తప్ప ముట్టలేదు. చల్లని బూడిద వాసన ఇంటినిండా ఉండేది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ఆకలి, భయం కలిసి వస్తాయి.

మొలతాడు తూట వచ్చాక మా పొయ్యి ఒక్కసారి కూడా చల్లారలేదు. ఒక్క దెబ్బ, అంతే. అదీ దాని అసలు గుణం. బాపు అడవికి పోయిన రోజు అవ్వ వాకిట్లో నిలబడి చెవి అడవి వైపు పెట్టేది. ఆ రైఫిల్ మోత కొండకు తగిలి మళ్లీ వచ్చేది. ఒక్క మోత వినబడి ఆగిపోతే చాలు, అవ్వ కొంగు బిగించి లోపలికి పోయి కట్టెలు పేర్చేది. తుపాకులంటే అసలే పడని మనిషి, ఆ తూటాలను మాత్రం దేవుని గూట్లో పెట్టినంత పనిచేసేది. పిల్లల కడుపు సల్లగుంచిన తల్లులు అనేది వాటిని. బాపు నవ్వేవాడు. పెండ్లాం తుపాకితో సోపతి చేసినంక ఇగ నాకేం ఫికర్ అని చిచ్చాతో వేళాకోళమాడేవాడు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు ముందు ఇంట్లో ఇత్తడి సామానంతా వాకిట్లోకి దిగింది. తాంబాళాలు, చెంబులు, సర్వలు, దీపపు కుందులు. పాత చింతపండు నానబెట్టి, ఆ పులుసులో బూడిద కలిపి, కొబ్బరి పీచుతో అవ్వ తోముతుంటే వాకిలంతా పుల్లటి వాసన. దసరాకు ఆయుధపూజ కూడా ఉంది కదా. బాపు తన తూటాలను తోలు పట్టీలో గుచ్చి ఉంచేవాడు. తోలులో ఉన్న ఇత్తడికి చిలుము పడుతుంది. పూజలో పెట్టడానికి పట్టీ తీసిన అవ్వకు తూటాల మీద పచ్చటి చిలుము కనబడింది. ఇంటి పొయ్యిని కాపాడే తల్లులు మాసిపోయి ఉంటే పండగేం పండగ అనుకుంది. అన్నింటినీ ఒక సర్వలో వేసి చింతపండు నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చింది. పొద్దున్నే ఒక్కొక్కటీ తోమి, కడిగి, చేటలో పోసి ఎండబెట్టింది. పసుపు కుంకుమ పెట్టింది. పొలం నుంచి వచ్చిన బాపు పీట మీద వరుసగా మెరుస్తున్న తూటాలను చూసి, బంగారం లెక్క చేసినవే అని మురిసిపోయాడు. దేంతో తోమావని అడగలేదు. ఇత్తడి దేంతో తోముతారో ఎవరు మాత్రం అడుగుతారు. ఆ పండగంత కళగా మా ఇంట్లో మళ్లీ ఏ పండగా జరగలేదు.

కాకకు అప్పుడే సంబంధం కుదిరింది. ధర్మపురి దగ్గరి పిల్ల. కాక అవ్వ చేతుల్లోనే పెరిగాడు. అవ్వ కాపురానికి వచ్చేటప్పటికి తల్లి లేని చిన్నపిల్లవాడట, కొత్త కోడలి కొంగు పట్టుకుని తిరిగేవాడట. వదినా అని పిలిచినా అది అవ్వా అన్నట్టే ఉండేది. సంబంధం ఖాయమైన రోజు నుంచి దువ్వెన జేబులోంచి దిగలేదు. దసరా వెళ్లింది, సీతాఫలాలు కండ్లు విప్పే కాలం వచ్చింది. గుట్ట మీద పండ్లు తెంపుకొచ్చి చెన్నూరులో అమ్ముకునే ఒకామె మీద ఎలుగుబంటి పడింది. మరో రెండు రోజులకే ఇంకొకరి మీద పడింది. ఊరివాళ్లు వచ్చి బాపును అడిగారు. తెల్లవారి బాపు, కాక, ఇంకో నలుగురు గుట్టెక్కారు. అవ్వ వాకిట్లో నిలబడింది.

జరిగింది బాపు గాని కాక గాని నోటితో ఎప్పుడూ చెప్పలేదు. వెంట పోయినవాళ్లు చెప్పారు. రాళ్ల సందులోంచి ఎలుగు బయటికొచ్చింది. బాపు ఆ దూరంలో ఎన్నడూ గురి తప్పింది లేదు. తుపాకి మీట నొక్కితే టక్కుమని ఉత్త చప్పుడయింది. ఆ తూట తీసి ఇంకోటి ఎక్కించాడు. అదీ అంతే. అప్పటికే ఎలుగు బాపు మీదికి వస్తోంది. కాక గొడ్డలి పట్టుకుని మధ్యలోకి ఉరికాడు. బాపు మూడోది ఎక్కించాడు. అది పేలింది. ఎలుగు కాక మీదే పడి చచ్చింది. ఒక్క దెబ్బే. మా వాకిట్లోకి ఒక్క మోత వినబడి ఆగిపోయింది. అవ్వ కొంగు బిగించి లోపలికి పోయి కట్టెలు పేర్చింది. నేను చూశాను. పొయ్యి మండుతుండగానే కాకను మంచం మీద మోసుకుని తెచ్చారు. ముఖం మీద బాపు ధోతి కప్పి ఉంది.

కాకను మంచిర్యాలకు, అక్కడి నుంచి కరీంనగర్‌కు, చివరికి హైదరాబాదుకు తీసుకుపోయారు. తిరిగి రావడానికి నెలలు పట్టింది. ఒక కన్ను లేదు. ముక్కు సగం లేదు. దవడ ఒక పక్కకు పోయింది. ధర్మపురి వాళ్లు ఒకసారి వచ్చి చూసిపోయారు, మళ్లీ రాలేదు. వాళ్లను తప్పుపట్టను, నాకే కాక వైపు చూడటానికి చాలా రోజులు పట్టింది. అవ్వ మాత్రం మొదటి రోజు నుంచీ సూటిగా ఆ ముఖంలోకే చూసి మాట్లాడింది. నమలలేడని జొన్న గట్క పల్చగా కాచి, అన్నం మెత్తగా పిసికి పెట్టింది. అది ఒక నాటి పని కాదు, కాక బతికినన్నాళ్లూ చేసింది. చేయి వణకడం మొదలైనాక కూడా కోడలికి ఇవ్వలేదు.

కాక ఇంకా ఆసుపత్రిలో ఉండగానే బాపు, ఖాదర్ చిచ్చా మా పెరట్లో కూర్చుని పేలని తూటాలను విప్పారు. నేను నీళ్లు తోడుతున్నాను. పట్టకారుతో గుండు లాగి, లోపలి మందును కాగితం మీద పోశారు. సేమ్యాలా సన్నటి కడ్డీలు విడివిడిగా పడాలి. అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దగా దిగాయి. అడుగున నిప్పు పుట్టించే టోపీ చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉంది. చిచ్చా వేలితో నలిపి చూసి, పానీ దిగింది భాయ్, ఇవి నీళ్లల్ల నానినయ్ అన్నాడు. బాపు వంటింటి వైపు చూశాడు. అవ్వ లోపల ఏదో రుబ్బుతోంది. ఆయన ముఖం అట్లా ముసలిదై పోవడం నా కళ్లముందే జరిగింది. తర్వాత చిచ్చా చేయి పట్టుకున్నాడు, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"తూట పాతవడ్డది. గంతే. గీ ఇంట్ల గదొక్కటే మాట. రాజన్నకు గూడ నేనే చెప్త" అన్నాడు.

మిగిలిన తూటాలన్నింటినీ మరునాడే చెన్నూరు పోయి గోదావరిలో కలిపి వచ్చాడు. రైఫిల్‌ను పోలీసుస్టేషన్‌లో అప్పజెప్పాడు. కొద్ది కాలానికే సర్కారు వేటను బంద్ చేసింది, బాపు తుపాకి ఎందుకు వదిలాడని ఎవరూ అడగలేదు. ఊళ్లో ఎవరైనా ఆ ముచ్చట తీస్తే బాపు, తూట పాతవడ్డది, గంతే అనేవాడు. నేను టీచరు ఉద్యోగం వచ్చి కరీంనగర్ పోయాక, ఒక సెలవుల్లో కాకను ఒంటరిగా అడిగాను, అసలేమైందని నీకు ఎర్కేనా అని. కాక మంచి కన్ను ఉన్న వైపు నాకు తిప్పి, తూట పాతవడ్డది బిడ్డా, గంతే అన్నాడు. సర్వలో తూటాలు నానుతుంటే ఆయన అదే వాకిట్లో స్నానం చేశాడు. ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది. మా ఇంట్లో అందరం ఆ ఒక్క మాటను మోశాం. బాపు దాన్ని మోస్తూనే పోయాడు.

ఇప్పుడు మా ఊరి పొలాల చుట్టూ రాత్రిపూట కరెంటు తీగలు కడుతున్నారు. పంది పడుతుంది, ఒక్కోసారి లేగదూడ పడుతుంది, ఒక్కోసారి మనిషే పడతాడు. సగం కాలిన జంతువు అడవిలోకి ఈడ్చుకుంటూ పోతే వెనుక ఎవరూ పోరు. తీగ కట్టినవాడింట్లో గ్యాస్ పొయ్యి మండుతూనే ఉంటుంది. మా కాలం గొప్పదని నేననను, మేమూ చంపినవాళ్లమే, ముద్ద కోసం కాదు, చాలాసార్లు పేరు కోసమే. కాని దెబ్బ కొట్టినవాడికి అన్నం సహించని రోజులు కొన్ని చూశాను. మేనల్లుడికి ఇదంతా చెప్పాలనిపించింది, వాడు అప్పటికే ఫోన్లో ఇంకో తూట చూస్తున్నాడు.

దినాల భోజనాలు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. వంటవాళ్లు స్టీలు గిన్నెలు కడిగి బోర్లించారు. అవ్వ తొంభైకి దగ్గర పడింది, చూపు తగ్గింది, చెవులు బాగానే వినబడతాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నేను అన్నం మెత్తగా కలిపి పక్కన కూర్చున్నాను. గిన్నె పక్కకు జరిపింది.

"బిడ్డా, ఒక్క ముచ్చట అడుగుత, అబద్ధం చెప్పకు. గా తూటాలు నేను చింతపండుల నానవెట్టినందుకే పేలలేదా?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. జవాబు నా చిన్నప్పుడే నాకు అప్పజెప్పారు. "కాదవ్వా. తూట పాతవడ్డది, గంతే" అన్నాను.

అవ్వ తల ఊపింది. "మీ బాపు గిదే చెప్పిండు. రాజన్న గిదే చెప్పిండు. ఖాదర్ మంచాన పడ్డంక నన్ను పిలిపించుకోని గిదే చెప్పిండు. నిజమైతే తలా ఓ తీరుగ చెప్తురు బిడ్డా."

ఎప్పుడు తెలిసిందని అడిగాను. పెరట్లో తూటాలు విప్పిన నాడే అంది. రుబ్బురోలు దగ్గర కూర్చుంటే చిచ్చా మాట వినబడిందట. బాపు చెప్పినమాటా వినబడిందట. మరి ఇన్నేండ్లు ఎందుకు అడగలేదు, కనీసం ఎర్కయిందని బాపుకైనా ఎందుకు చెప్పలేదు అన్నాను. నా గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది.

"మీ బాపు నన్ను కాపాడుతున్న అనుకొనే బతికిండు. గది గూడ గుంజుకుంటె ఆయనకేం ఉంటుండె? నాకు ఎర్కయిందని రాజన్నకు చెప్తె, నా చేతి బువ్వ ముద్ద ముద్దకు నన్ను మాఫ్ చేసుకుంట తినాలె. పాపం, గంత కష్టం వానికెందుకు." గోడకు ఒరిగింది. "ఇగ అందరు పోయిండ్రు. ఇన్నేండ్లల్ల ఒక్కరు గూడ నన్ను తిట్టలే బిడ్డా. గట్లెట్ల చేస్తివే, నీ కొడుకసొంటోని మొకం తింటివే అని ఒక్కరన్న అన్లే. నువ్వన్న తిట్టు. ఒక్క మాట తిట్టు."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఏదైనా అనాలని చూశాను, తిట్టో, ఓదార్పో, ఏదో ఒకటి. గిన్నె మళ్లీ ఆమె ముందుకు జరిపాను. అవ్వ నా వైపు ముఖం పెట్టి చాలాసేపు ఎదురు చూసింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, చేయి విడిపించుకుంది.

"నువ్వు గూడ గంతేనా" అంది.